వసంతమునకు తలుపు తీయు రాత్రి

అది జనవరి 31వ తేది. ఐర్లండు దేశపు పల్లెలలో సాయంకాలము ఐదు గంటలకే ప్రొద్దు గ్రుంకును. సముద్రముమీదినుండి తడిగాలి వీచుచున్నది. గడ్డికప్పు వేసిన ఒక రాతిగోడల యింటిలో పొయ్యి మండుచున్నది. పొయ్యిలోనివి కట్టెలు కావు; బురదనేలలనుండి త్రవ్వి యెండబెట్టిన నల్లని మట్టిపెళ్లలు. అవియే ఆ దేశపు వంటచెఱకు. పెద్ద కుండలో బంగాళాదుంపలు ఉడికినవి. ఇల్లాలు వానిని మెత్తగా చిదిపి, నడుమ గుంట చేసి, అప్పుడే చిలికి తీసిన వెన్నముద్దను అందుంచెను. అయినను ఎవ్వరును భోజనమునకు కూర్చుండలేదు. అందఱి చూపులును మూసిన తలుపుమీదనే యున్నవి.

ఆ యింటి బాలిక యొకతె వెలుపల నున్నది. ఆమె చేతులలో పచ్చని గడ్డిమోపు కలదు. అది మన తుంగను పోలిన గడ్డి, నీటిపట్టులందు పెరుగును. ఆ బాలిక సూర్యుడు తిరుగు క్రమమున ఇంటికి మూడుమారులు ప్రదక్షిణము చేసి, వాకిట నిలిచి తలుపు తట్టెను. లోపలివారందఱును మోకరిల్లి, కన్నులు తెఱచి, బ్రిజిడ్‌ను లోనికి రానీయవలసినదని కేకవేసెను. ఆమె రావచ్చును, ఆమెకు స్వాగతమని లోపలివారు బదులు పలికిరి. మూడవమారు పిలిచినపుడు తలుపు తెఱచిరి. బాలిక లోనికి వచ్చి గడ్డిమోపును భోజనపుబల్ల క్రింద నుంచెను. అప్పుడుగాని వారు భోజనమునకు కూర్చుండలేదు.

నూరేండ్ల క్రిందట ఐర్లండులో, ముఖ్యముగా ఉత్తర పశ్చిమ మండలములలోని పెక్కు యిండ్లలో, ఫిబ్రవరి మాసము ఇట్లు ప్రవేశించుచుండెను. ఊరికూరికి పద్ధతి కొంత మాఱును. ఒకచోట బాలిక వెలుపలికి పోవును. ఒకచోట ఇంటి యజమానియే పోవును. గడ్డిమోపు మాత్రము ఎక్కడనైనను తప్పదు. ఈ తంతు జరిపించుటకు గుడియు లేదు, పురోహితుడును లేడు. ఇల్లే గుడి, ఇంటివారే పురోహితులు.

ఈ దినమునకు ప్రాచీనమైన పేరు ఇంబొల్క్. పూర్వపు ఐరిష్ ప్రజలు సంవత్సరమును నాలుగు పెద్ద పండుగలతో విభజించుకొనిరి. నవంబరు 1న శీతకాలారంభము, ఫిబ్రవరి 1న వసంతారంభము, మే 1న గ్రీష్మారంభము, ఆగస్టు 1న పంటకాలారంభము. వీనిలో ఫిబ్రవరి 1వ తేది ఇంబొల్క్. క్రైస్తవమతము వచ్చిన పిదప అదే దినము పునీత బ్రిజిడ్ దినమయ్యెను. క్రైస్తవమునకు పూర్వము ఐరోపాఖండమున నుండిన బహుదేవతారాధనలను ‘పేగన్’ మతములని యందురు. లాటిన్ భాషయందలి ‘పగానుస్’ అను పదమునుండి ఈ మాట వచ్చినది. దానికి పల్లెటూరివాడు అని తొలి యర్థము. ఆ మాట చాలకాలము నిందగానే వాడబడెను. నేడు కొందఱు దానిని తమ మతమునకు పేరుగా తామే పెట్టుకొనియున్నారు. వారిని గూర్చి తరువాత చెప్పెదను.

ఫిబ్రవరి 1వ తేదిని వసంతారంభమని యనుట మనకు వింతగా తోచును. ఆ దేశమున ఆ దినములలో మంచు కురియుటయు కలదు; చెట్లకు ఆకులుండవు. మఱి వసంతమెక్కడ? దానిని కన్నులతో చూచినవారు కాపరులు. ఆ కాలమున గొఱ్ఱెలు ఈనుటకు సిద్ధమై పొదుగులు దించును. 10వ శతాబ్దమున కూర్పబడిన దనదగు ఒక ఐరిష్ నిఘంటువు కలదు. కాషెల్ రాజును బిషప్పును నైన కోర్మాక్ పేర అది ప్రసిద్ధము. కోర్మాక్ 908లో యుద్ధమున మరణించెను. ఆ నిఘంటువు ఈ పండుగ పేరును గొఱ్ఱెపాలతో ముడిపెట్టి వివరించినది. పదవ్యుత్పత్తి సరియైనదా కాదా యని భాషావేత్తలు వాదింతురు గాని, పాలతోడి సంబంధము మాత్రము జనుల వాడుకలో గట్టిగా నిలిచినది.

ఆ పాలచుక్క విలువ తెలియవలెనన్న శీతకాలపు ఆకలిని తెలిసికొనవలెను. నవంబరునుండి పొలములలో ఏమియు పండదు. పశువులకు పచ్చిక యుండదు. కావుననే ఈ పండుగనాడు రైతు తన గడ్డివామిని, ఇల్లాలు తన దుంపలకొట్టును పరీక్షించి చూచుకొనుచుండిరి. సగమైనను మిగిలియున్నచో కొత్త పచ్చిక మొలచువఱకు ఇల్లు గడచును. సగము కన్న తక్కువైనచో ఆ సంవత్సరము కష్టమే. బల్లమీద పెట్టిన వెన్నముద్ద ఆ యింటి ధైర్యమునకు గుర్తు. పొరుగున పాడి లేని బీదయింటికి ఆనాడు వెన్నయో పాలో పంపుట ఉన్నవారు పాటించిన మర్యాద.

భోజనమైన పిదప బల్లక్రింది గడ్డిని వెలికి తీసి, ఇంటిల్లిపాదియు పొయ్యిచుట్టు కూర్చుండి బ్రిజిడ్ శిలువలను అల్లుదురు. ఆ గడ్డిని కొడవలితో కోయరు, చేతితోనే పెఱుకుదురు. అల్లిక యిట్లుండును. ఒక కాడను నిలువుగా పట్టుకొందురు. రెండవ కాడను సగమునకు మడచి, మొదటిదాని నడుమ చుట్టి, కుడివైపునకు లాగుదురు. పిదప మొత్తమును పావువంతు త్రిప్పి, మూడవ కాడను మడచి, రెండవదానిమీదుగా చుట్టుదురు. మఱల పావువంతు త్రిప్పుదురు. ఇట్లు త్రిప్పుచు చుట్టుచు పోగా నడుమ చక్కని చతురస్రము పెరుగును. నాలుగు దిక్కులకు నాలుగు చేతులు సాగును. చివరకు నాలుగు చేతుల కొనలను దారముతో కట్టి సమముగా కత్తిరింతురు. చూచుటకు అది తిరుగుచున్న చక్రమువలె నుండును.

నేను దీనిని మా యూరి చెఱువుగట్టుమీది తుంగతో అల్లిచూచితిని. మూడుమారులు చెడినది. మన తుంగకాడ మూడంచులు గలది, మడచినచోట పగులును. ఐర్లండు గడ్డికాడ గుండ్రనిది. లోపల మెత్తని బెండు ఉండుటచేత విఱుగక వంగును. నాలుగవమారు తుంగను రాత్రియంతయు నీటిలో నానవేసి అల్లితిని. శిలువ కుదిరినది గాని చేతులు నాలుగును నాలుగు పొడవులైనవి. అక్కడ ఎనిమిదేండ్ల పిల్లలు దీనిని మాటలాడుచు అల్లుదురట!

ఈ శిలువలయందును భేదములు కలవు. కొన్నిచోట్ల చేతులు మూడే. దానిని పశువుల కొట్టమునకు కట్టుదురు. కొన్నిచోట్ల రెండు పుల్లలను అడ్డముగా కట్టి, వానిచుట్టు గడ్డిని చుట్టి, వజ్రాకారమున అల్లుదురు. ఇంటిది గుమ్మముపైన, కప్పుక్రింద గ్రుచ్చుదురు. అది ఇంటిని అగ్నినుండియు రోగమునుండియు కాపాడునని నమ్మకము. గడ్డికప్పు ఇండ్లకు అగ్నియే గదా పెద్ద శత్రువు!

ఆ రాత్రి మఱియొక పని కలదు. ఇల్లాలు ఒక గుడ్డపీలికనో పట్టెనో కిటికీ గట్టుమీదనో పొదమీదనో ఉంచును. ఆ రాత్రి దేశమంతట సంచరించు బ్రిజిడ్ దానిని తాకిపోవునని వారి విశ్వాసము. తెల్లవారిన పిదప దానిని భద్రపఱతురు. ఇంటిలో ఎవరికైన తలనొప్పి వచ్చిన ఆ గుడ్డను తలకు కట్టుదురు. ఆవు ఈనలేక బాధపడిన దాని వీపుమీద కప్పుదురు. కొందఱు రాత్రి దాని పొడవును కొలిచి, ఉదయమున మఱల కొలుతురు. పెరిగినచో శుభము. మంచుతడికి గుడ్డ సాగుట వింత గాదని మనమనవచ్చును. వారికిని ఆ సంగతి తెలియకపోలేదని నా యూహ. అయినను కొలిచిరి.

ఆనాడు చక్రము త్రిప్పు పనులు నిషిద్ధములని పలుచోట్ల నియమము. రాట్నము త్రిప్పరాదు, బండి కట్టరాదు. శీతకాలమంతయు రాట్నముముందు కూర్చుండిన స్త్రీలకు ఈ నియమమువలన ఒకదినము విశ్రాంతి దొరకెను. ఈ నియమమును మొదట పెట్టినది ఏ ముత్తవయో గాని, తెలివిగలదే!

పడమటి గాల్వే ప్రాంతమున గడ్డితో పొడవైన త్రాడు పేని, కొనలు ముడివేసి, పెద్ద వలయము చేయుదురు. దానికి చిన్న గడ్డిశిలువలు కట్టుదురు. యువకులు దానిని ఇంటింటికి కొనిపోవుదురు. ఇంటివారు ఒక్కొక్కరుగా ఆ వలయములో దూఱి వెలుపలికి వత్తురు. అట్లు చేసినవారికి ఏడాదిపొడవున ఆరోగ్యమని నమ్మకము. దక్షిణమున కెర్రీ ప్రాంతమున పిల్లలు గడ్డితో బొమ్మను చేసి, తెల్లని బట్టలు తొడిగి, పాటలు పాడుచు ఊరేగింతురు. స్కాట్లండు పడమటి ద్వీపములందు స్త్రీలు బ్రిజిడ్‌కు చిన్న పడక వేయుదురని అలెగ్జాండర్ కార్మైకేల్ 1900లో ప్రకటించిన గ్రంథమున వ్రాసెను. వారు పడుకొనబోవునపుడు పొయ్యిలోని బూడిదను సమముగా చదును చేయుదురు. తెల్లవారగానే దానిమీద అడుగుజాడయో దండపుగుర్తో కనబడునేమోనని వెదకుదురు. కనబడినచో ఆ ఏడు పంటకును పాడికిని కొఱత యుండదు.

ఇంతకును ఈ బ్రిజిడ్ ఎవరు? పేరొకటే, ఆ పేరుగలవారు ఇద్దఱు కన్పట్టుచున్నారు. కోర్మాక్ నిఘంటువు బ్రిజిడ్‌ను దేవత యనియు, దాగ్దా యను దేవుని కుమార్తె యనియు, కవులు ఆమెను పూజించిరనియు చెప్పుచున్నది. ఆమెకు అదే పేరుగల తోబుట్టువులు ఇద్దఱు. ఒకతె వైద్యమునకు, మఱియొకతె కమ్మరపనికి అధిదేవత. ఇక రెండవ బ్రిజిడ్ కిల్దేర్ పట్టణమున సన్యాసినీమఠమును స్థాపించిన పునీత. సుమారు 525లో ఆమె మరణించినదని సంప్రదాయము. కిల్దేర్ అను పేరునకు సిందూరవృక్షముల చెంతనున్న దేవాలయమని యర్థము.

12వ శతాబ్దము చివర వేల్సు దేశీయుడైన జెరాల్డు ఐర్లండునకు వచ్చి తాను కన్నదియు విన్నదియు వ్రాసెను. కిల్దేర్‌లో ఆరని అగ్ని కలదనియు, పందొమ్మిదిమంది సన్యాసినులు వంతులవారీగా ఒక్కొక్క రాత్రి దానిని కాపాడుదురనియు, ఇరువదవ రాత్రి కట్టెలు పెట్టి ‘నీ అగ్నిని నీవే కాచుకొనుము’ అన్న భావముతో బ్రిజిడ్‌కే విడిచిపెట్టుదురనియు అతడు చెప్పెను. ఆ అగ్ని తరువాతి కాలమున ఆరిపోయెను. 1993లో కిల్దేర్‌లోని సన్యాసినులు దానిని మఱల వెలిగించిరి.

పునీతయు దేవతయు ఒకరేనా, లేక ఇరువురి కథలు కాలక్రమమున కలిసిపోయినవా యని పండితులలో నేటికిని ఏకాభిప్రాయము లేదు. బాలబాలికలారా, ఇచ్చట ఒక సంగతిని గమనింపవలెను. క్రైస్తవమునకు పూర్వము ఇంబొల్క్ పండుగను ఏ విధముగా జరిపిరో చెప్పు గ్రంథమొక్కటియు లేదు. పాత కథలలో పండుగ పేరు కలదు, గొఱ్ఱెపాల ప్రస్తావన కలదు, అంతే. పైని చెప్పిన తలుపు, గడ్డి, గుడ్డ, బొమ్మ, ఇవన్నియు ఇటీవలి శతాబ్దములలో క్రైస్తవ కుటుంబములు ఆచరించుచుండగా చూచి వ్రాసినవి. వీనిలో కొన్నిటి మూలము అతి ప్రాచీనము కావచ్చును. కాని ‘కావచ్చును’ అనుమాటకును ‘అయినది’ అనుమాటకును చాల దూరము.

ఈ దూరమును మఱచినవారు పొరబడిన తీరునకు వసంతపు మఱియొక పండుగ సాక్ష్యము. మార్చి 20 ప్రాంతమున పగలును రాత్రియు ఇంచుమించు సమానమగును. దీనిని వసంత విషువమందురు. మన రాష్ట్రీయ పంచాంగము 1957 మార్చి 22న అమలులోనికి వచ్చినపుడు చైత్ర ప్రథమదినమును ఈ విషువమును అనుసరించియే నిర్ణయించిరి. ఐర్లండులో మీత్ మండలమున లాక్‌క్రూ కొండలపై సుమారు ఐదువేల యేండ్ల నాటి రాతిగుహ యొకటి కలదు. విషువదినముల ఉదయమున సూర్యకిరణము దాని యిరుకుదారిలో ప్రవేశించి, లోపలి రాతిమీద చెక్కిన సూర్యబింబములవంటి గుర్తులపై పడును. అదే మండలములోని తారా కొండమీది గుహలోనికి ఫిబ్రవరి మొదటివారపు సూర్యోదయకాంతి చొచ్చును. ఆ రాళ్లను నిలిపినవారు ఆకాశమును శ్రద్ధగా చూచిరనుట నిశ్చయము. వారు ఆనాడు ఏ పేరున ఏ దేవతను కొలిచిరో రాళ్లు చెప్పవు.

ఈ విషువపు పండుగకు నేడు ‘ఓస్టారా’ అను పేరు వ్యాపించినది. వసంతదేవత ఈస్ట్రా పేరనే ఈస్టరు పండుగ వచ్చినదనియు, కుందేలును గ్రుడ్డును ఆ దేవత చిహ్నములనియు చాలమంది నిస్సందేహముగా చెప్పుచుందురు. దీనికి మూలమేమి? బీడ్ అను ఆంగ్ల సన్యాసి 725లో కాలగణనను గూర్చి ఒక గ్రంథము వ్రాసెను. పూర్వము ఆంగ్లేయులు ఏప్రిలుమాసమును ఈస్ట్రా దేవత పేర పిలిచిరనియు, ఆమెకు పండుగలు చేసిరనియు అందు చెప్పెను. ఆ దేవతను పేర్కొన్న ప్రాచీనగ్రంథము అదియొక్కటియే. అందు కుందేలు లేదు, గ్రుడ్డు లేదు. 1,100 యేండ్ల తరువాత, 1835లో, మనము కథలద్వారా ఎఱిగిన గ్రిమ్ సోదరులలో పెద్దవాడైన యాకబ్, జర్మనీలోను ఓస్టారా యను దేవత ఉండియుండవచ్చునని యూహించెను. అతడు ఊహ యనియే చెప్పెను. తరువాతివారు ఊహను కథగా, కథను చరిత్రగా చేసిరి. 1958లో జర్మనీలో ఒకచోట 150కి పైగా శిలాశాసనములు దొరకినవి. వానిలోని మాతృదేవతల పేరు ఈస్ట్రా పేరునకు దగ్గఱగా నుండుటచేత బీడ్ మాట వట్టిది కాదని నమ్ముటకు కొంత బలము చేకూరినది. వానిలోను కుందేలు ప్రసక్తి లేదు. నేను పాఠము చెప్పిన కాలమున ఇట్టి మాటలనే ‘ఎవరు చూచిరి? ఎప్పుడు వ్రాసిరి?’ అని విద్యార్థులను అడిగెడివాడను. ఆ ప్రశ్న వారికి రుచింపకుండెడిది. అది వేఱు సంగతి.

అట్లయిన ఐర్లండులోని గడ్డిశిలువలను గూర్చి, కొలిచిన గుడ్డను గూర్చి మనకు ఇంత వివరముగా ఎట్లు తెలిసినది? దీనికి సమాధానము మీ వయసు పిల్లలే.

ఐర్లండులో 1935లో జానపదవిజ్ఞాన సంఘము ఏర్పడెను. పాత ఆచారములు, కథలు, వైద్యములు తెలిసిన వృద్ధులు ఒక్కరొక్కరుగా గతించుచుండిరి. వారితో వారి మాటలును మట్టిలో కలియుచుండెను. సంఘమువారు కొద్దిమందియే, ఊళ్లు వేలు. అప్పుడు వారికొక యుపాయము తోచెను. 1937నుండి 1939వఱకు దేశములోని ప్రాథమిక పాఠశాలల పై తరగతుల పిల్లలకు, అనగా ఇంచుమించు పదునొకండునుండి పదునాలుగేండ్ల వయసువారికి, ఈ పనిని అప్పగించిరి. ఏయే విషయములను గూర్చి అడుగవలెనో తెలుపు చిన్న పుస్తకమును ఉపాధ్యాయులకు పంపిరి. పండుగల ఆచారములు ఆ విషయములలో నొకటి. పిల్లలు ఇంటికి పోయి తాతను, అవ్వను, పొరుగింటి ముసలివారిని అడిగి, తమ పుస్తకములలో వ్రాసికొని వచ్చిరి. మేలైన వానిని పాఠశాల పెద్దపుస్తకములో ఎక్కించిరి; చెప్పినవారి పేరును, ఊరును చేర్చిరి.

సుమారు 5,000 పాఠశాలలు, 50,000మంది పిల్లలు ఇందు పాల్గొనిరి. వారు చేర్చినది ఇంచుమించు 7,40,000 పుటలు! అంతటి పనిని విశ్వవిద్యాలయపు పండితులు నూరుగురు కూడినను చేయలేకపోయెడివారు. ఏలయన, అవ్వ పండితునితో మాటలాడునపుడు సంకోచించును. తన మాట మోటుగా నున్నదేమోయని వెనుదీయును. మనుమరాలు అడిగినచో పొయ్యియొద్ద కూర్చుండి అన్నియు చెప్పును. గుడ్డను ఏ పొదమీద వేసినదియు, ఏ ఆవునకు కప్పినదియు చెప్పును. ఆ పుస్తకములు డబ్లిన్‌లోని విశ్వవిద్యాలయ కళాశాలలో భద్రముగా నున్నవి. నేడు ఎవరైనను అంతర్జాలమున ఆ బాలుర చేవ్రాతను చదువవచ్చును. సంఘము 1935నుండి 1970వఱకు సేకరించిన భాండాగారమును యునెస్కో సంస్థ 2017లో ప్రపంచస్మృతి పట్టికలో చేర్చినది.

ఆ పని మఱి ఇరువదేండ్లు ఆలస్యమైన ఏమయ్యెడిది? పల్లెలకు విద్యుద్దీపములు వచ్చినవి. గడ్డికప్పులు పోయి పలకలకప్పులు వచ్చినవి. అనేకులు పనికై పట్టణములకును విదేశములకును పోయిరి. చిలుకుట పోయెను, వెన్న అంగడినుండి వచ్చెను. పైకప్పులో గ్రుచ్చవలసిన శిలువకు గ్రుచ్చు చోటే లేకుండెను. అయినను అది పోలేదు. 1961 డిసెంబరు 31న ఐర్లండు దూరదర్శన ప్రసారములు మొదలైనపుడు, ఆ సంస్థ బ్రిజిడ్ శిలువనే తన చిహ్నముగా గైకొనెను. కప్పుక్రిందనుండిన గడ్డిశిలువ యింటింటి దూరదర్శినిలో కనబడెను.

ఇక తమను పేగన్‌లని చెప్పుకొను నేటివారి మాట. 1950వ దశకమున ఇంగ్లండులో జెరాల్డ్ గార్డ్‌నర్, రాస్ నికల్స్ మొదలగువారు ప్రకృత్యారాధనను క్రొత్తగా నెలకొల్పిరి. ఐరిష్‌వారి నాలుగు పండుగలకు అయనములు రెండును విషువములు రెండును చేర్చి, ఎనిమిది పండుగల సంవత్సరచక్రమును ఏర్పఱచిరి. విషువమునకు ఓస్టారా యను పేరును అమెరికాలో ఏడన్ కెల్లీ 1974లో పెట్టెను. 2021 జనాభా లెక్కలలో ఇంగ్లండు, వేల్సులందు సుమారు 74,000మంది తమ మతము పేగన్ అని వ్రాయించిరి. కోటానుకోట్ల జనులలో వీరు బహుకొద్దిమంది. వీరికి పెద్ద ఆలయములు లేవు. కావున పండుగ ఇంటనే.

ఫిబ్రవరి 1న వీరు ఇల్లూడ్చి, శీతకాలపు బూజు దులిపి, ఒక బల్లమీద తెల్లని గుడ్డ పఱచి క్రొవ్వొత్తులు వెలిగింతురు. మంచులోనుండి తలయెత్తు చిన్న తెల్లని పూవులను పాత్రలో నుంతురు. పాలతో చేసిన వంటకములు తిందురు. గడ్డిశిలువను అల్లుదురు. విషువమునాడు కోడిగ్రుడ్లకు రంగులు వేయుదురు. కుండీలలో విత్తనములు నాటుదురు. పిల్లలున్న యింటిలో ఈ పనులన్నియు పిల్లలవే. శిలువ అల్లుటను వీరు ఐర్లండు క్రైస్తవ కుటుంబములనుండియే నేర్చిరి. ఒకప్పుడు పాతమతమువారి పండుగను క్రైస్తవులు గైకొనిరని యందురు గదా. ఇప్పుడు ఆ ఋణము ఈ విధముగా తీరినదేమో!

క్రొత్త పండుగ చేసికొనుట తప్పా? కాదు. పండుగ యేదైనను ఒకప్పుడు క్రొత్తదే. బ్రిస్టల్ విశ్వవిద్యాలయపు చరిత్రకారుడు రోనాల్డ్ హటన్ 1996లో బ్రిటను దేశపు పండుగల చరిత్రను గ్రంథముగా ప్రకటించి, ఏది పాతదో ఏది క్రొత్తదో ఆధారములతో వేఱుపఱచెను. ఆ గ్రంథమును చదివి పండుగ మానుకొనవలసిన యవసరము పేగన్‌లకు లేదు. ‘మా పండుగ క్రొత్తది, మాకు ప్రియమైనది’ అని చెప్పుటలో చిన్నతనము లేదు. మొన్న పుట్టినదానికి వేయేండ్ల వయసు కట్టుటయే చిన్నతనము.

2023నుండి ఐర్లండు ప్రభుత్వము బ్రిజిడ్ దినమును సెలవుదినముగా చేసినది. ఫిబ్రవరి మొదటి సోమవారము సెలవు. 1వ తేది శుక్రవారమైనచో ఆనాడే. ఆ దేశపు సెలవులలో ఒక స్త్రీ పేర వచ్చినది ఇదియే మొదటిది. పాఠశాలలలో పిల్లలు గడ్డి తెచ్చుకొని శిలువలను అల్లుచున్నారు. క్రైస్తవుల బిడ్డలును, ఏ మతమును పాటింపనివారి బిడ్డలును ఒకే బల్లయొద్ద కూర్చుందురు. గడ్డి దొరకని పట్టణములలో రంగుకాగితపు గొట్టములతో అల్లుదురు.

పాత శిలువను ఏమి చేయవలెనన్న విషయమున ఇంటికొక పద్ధతి. కొందఱు దానిని పొయ్యిలో వేయుదురు. కొన్ని పాత యిండ్లలో మాత్రము దేనిని తీసివేయక, ప్రతియేడును క్రొత్తదానిని పాతదాని ప్రక్కనే గ్రుచ్చుచుండిరి. కప్పుక్రింద అవి వరుసగా నుండెడివి. మొదటివి పొగచూరి నల్లబడి, ముట్టుకొన్న రాలునట్లుండును. తరువాతివి గోధుమరంగు తిరిగియుండును. చివరిది, నిన్నటి రాత్రి యింటిలోని పిల్లవాడు అల్లినది, చేతులు సమముగా కుదరనిది, ఇంకను పచ్చగా నుండును.